అంటువ్యాధి కాలంలో పిల్లల మనసు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చి 12న రాష్ట్రంలో తొలి కరోనా కేసు నెల్లూరులో నమోదైంది. అప్పటి నుంచి, వీధుల మొదట్లో వెదురు కర్రలు అడ్డం కట్టి రాకపోకలు ఆపిన ఆ వేసవి మీదుగా, 2021 మే నెలలో ఆసుపత్రి పడక కోసం, ఆక్సిజన్ కోసం కుటుంబాలు పడిన పరుగుల దాకా, మన రెండు జిల్లాల పిల్లలు కళ్లారా చూసింది తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు బడి గేటు దగ్గర, ఫోనులో, బియ్యం పంచేటప్పుడు వరుసలో నిలబడి అడిగిన ప్రశ్నలను ఉపాధ్యాయుడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఇక్కడి జవాబులు మానసిక వైద్యంలో స్థిరపడిన విషయాలకు, తరగతి గదిలో నేను చూసినవాటికి కట్టుబడి రాసినవి. మరో అంటువ్యాధి వచ్చినా, తుపాను వచ్చి ఊరు వారం రోజులు నీళ్లలో ఉన్నా, పిల్లల మనసు భయాన్ని మోసే తీరు చాలావరకు ఒకటే కనుక ఇవి అప్పుడూ పనికి వస్తాయి.

మా ఇంట్లో ఎవరికీ జబ్బు రాలేదు. అయినా మా వాడు ఎందుకు ఇలా మారిపోయాడు?

జబ్బు మీ ఇంటికి రాకపోయినా భయం వచ్చింది కాబట్టి. ప్రమాదం ఎంతదో తేల్చుకోవడానికి చిన్నపిల్లల దగ్గర సొంత కొలత ఉండదు. అమ్మ గొంతు, నాయన ముఖం, అవ్వ గుమ్మంలో నిలబడి వీధిలోకి చూసే చూపు, ఇవే వారి కొలతలు. పెద్దలు గదిలో గుసగుసగా మాట్లాడుకుని పిల్లవాడు రాగానే మాట ఆపేస్తే, వాడికి విషయం తెలియకుండా పోదు. చాలా పెద్దదేదో జరిగిందని మాత్రం తెలుస్తుంది.

ఆందోళన కలిగినప్పుడు శరీరం పారిపోవడానికో తిరగబడడానికో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది, నిద్ర పలచబడుతుంది. అపాయం గంటలో తీరిపోయేదైతే శరీరం మళ్లీ సర్దుకుంటుంది. నెలల తరబడి తీరనిదైతే ఆ సన్నద్ధతే ఒక బరువుగా మారి, పరీక్షల్లో ఏమీ తేలని కడుపునొప్పిగా, తలనొప్పిగా, ఊరికే వచ్చే కోపంగా, అన్నం దగ్గర మారాంగా బయటపడుతుంది. ఆ నొప్పి నటన కాదు. కారణం కడుపులో లేకపోయినా నొప్పి నిజంగా కడుపులోనే ఉంటుంది, కాబట్టి “ఏమీ లేదు, లే” అని కసురుకోవడం వల్ల బిడ్డకు మిగిలేది తన మాట ఎవరూ నమ్మలేదన్న బాధే.

దీనికి తోడు, ఆ నెలల్లో పిల్లలు పోగొట్టుకున్నవాటిని మనం లెక్కలో వేసుకోలేదు. బడి మూతపడితే పాఠం ఆగిందని అనుకున్నాం. కానీ పక్కన కూర్చునే స్నేహితుడు, మధ్యాహ్నం అందరితో కలిసి తినే అన్నం, సాయంత్రం చెరువుగట్టు మీద ఆట, తనను పేరు పెట్టి పిలిచే టీచరు, అన్నీ ఒకేసారి పోయాయి. బియ్యం, గుడ్లు, చిక్కీలు ప్రభుత్వం ఇంటికే చేర్చింది. కలిసి తినడం మాత్రం చేరలేదు.

ఏ వయసు పిల్లల్లో ఎలాంటి మార్పులు కనిపిస్తాయి?

అయిదేళ్లలోపు పిల్లలు వెనక్కి వెళతారు. పక్క తడపడం ఎప్పుడో మానినవాడు మళ్లీ తడుపుతాడు, స్పష్టంగా మాట్లాడే పిల్ల ముద్దుమాటల్లోకి దిగుతుంది, అమ్మ కొంగు వదలదు, చీకటంటే ఏడుస్తుంది. ఇది మొండితనం కాదు. తనకు భద్రంగా తోచిన వయసులోకి మనసు తాత్కాలికంగా వెనుదిరగడం. సిగ్గుపరచకుండా, నలుగురిలో చెప్పకుండా పక్కబట్ట మార్చి పడుకోబెడితే, చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

బడి వయసు పిల్లలు ప్రశ్నలతోనూ ఆటలతోనూ బయటపెడతారు. బొమ్మలకు కరోనా వచ్చిందని ఆసుపత్రి ఆట, అంబులెన్స్ ఆట ఆడిన పిల్లలను మన వీధుల్లో అందరం చూశాం. ఆ ఆట ఆపించవలసిన పని లేదు. మాటల్లో పెట్టలేనిదాన్ని పిల్లలు ఆటలో పెట్టి, దాన్ని తమ చేతిలోకి తెచ్చుకుంటారు. ఆటలో బొమ్మ ఎప్పుడూ చనిపోతూనే ఉంటే మాత్రం పక్కన కూర్చుని “ఈ బొమ్మను ఎవరు చూసుకుంటున్నారు?” అని మెల్లగా అడిగితే, బిడ్డ మనసులో ఏముందో కొంత తెలుస్తుంది.

పన్నెండు దాటినవారు తలుపు వేసుకుంటారు. వారి దిగులు తరచు చిరాకు రూపంలో ఉంటుంది కనుక పెద్దలు దాన్ని పొగరు అనుకుంటారు. రాత్రంతా మేలుకోవడం, పగలు నిద్రపోవడం, ఇష్టమైన క్రికెట్టు కూడా వద్దనడం, స్నానం వాయిదా వేయడం వంటివి రెండు వారాలకు మించి సాగితే దాన్ని వయసు ప్రభావమని వదిలేయకూడదు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ సారథ్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు ఉన్నట్టు గుర్తించింది. అది కరోనాకు ముందటి లెక్క. నలభై మంది ఉన్న తరగతి గదిలో అంటే దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురు ఎవరో తెలియకుండానే నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను.

జబ్బు గురించి పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

నిజం చెప్పాలి, బిడ్డ మోయగలిగినంత చెప్పాలి. ముందు వారికేం తెలుసో అడగండి. “కరోనా గురించి నువ్వేం విన్నావు?” అని ఒకసారి అడిగి చూస్తే, వీధిలో విన్నదీ టీవీలో చూసిందీ కలిపి వారు అల్లుకున్న కథ మన ఊహకు అందనంత భయంకరంగా ఉంటుంది. ఓ ఏడేళ్ల పాప, తాను చేతులు కడుక్కోకుండా జామకాయ తిన్నందువల్లనే తాతకు జ్వరం వచ్చిందని పదిహేను రోజులు ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయింది. ఈ వయసు పిల్లలు చెడు జరిగితే కారణం తామేనని అనుకోవడం మామూలే. అందుకని అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది: “ఇది నీ వల్ల రాలేదు.”

చిన్నవారికి ఇలా చెప్పవచ్చు: “కంటికి కనిపించని ఒక పురుగు వల్ల జ్వరం, దగ్గు వస్తున్నాయి. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి ఎక్కువైతే డాక్టర్లు చూస్తారు. మనం చేతులు కడుక్కుంటే, మాస్కు పెట్టుకుంటే అది రాకుండా చాలావరకు ఆపగలం.” ఇందులో నిజం ఉంది, ధైర్యం ఉంది, బిడ్డ చేయగలిగిన పనీ ఉంది. మూడోది లేకపోతే మొదటి రెండూ నిలవవు. “మనకెవరికీ ఏమీ కాదు” అని మాత్రం మాట ఇవ్వకండి. రేపు ఏదైనా అయితే, జబ్బు తెచ్చిన దుఃఖానికి మీ మాట మీద పోయిన నమ్మకం తోడవుతుంది. “ఏం జరిగినా నిన్ను చూసుకోవడానికి మనుషులం ఉన్నాం” అనే మాట నిలబెట్టుకోగలిగిన మాట.

పెద్ద పిల్లలకు తెలియని సంగతి అడిగితే “నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను” అనడం తప్పు కాదు. అలా అని, నిజంగానే కనుక్కుని చెప్పిన నాయన మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది.

ఇంట్లో రోజంతా వార్తలే. ఆపితే మాకు తోచదు. ఏం చేయాలి?

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు, పిల్లలు మేలుకుని ఉంటే వారి పక్కన కూర్చుని చూడండి. నిద్రకు ముందు గంటలో అసలు వద్దు. టీవీలో ఒకే అంబులెన్స్‌ను పదిసార్లు చూపితే పది అంబులెన్స్‌లు వచ్చినట్టే చిన్నపిల్లలకు తోస్తుంది. వాట్సాప్‌లో వచ్చే శ్మశానాల వీడియోలను పిల్లల చేతికి ఇచ్చే ఫోనులో ఉంచకండి.

2021 మే నెలలో కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది గుమిగూడిన రోజుల్లో, ఇంట్లో ఒకరు వెళ్దామని, ఒకరు వద్దని గొడవపడుతుంటే మధ్యలో పిల్లలు ఎవరి మాట వింటే నాయన బతుకుతాడో తెలియక ఏడ్చిన ఇళ్లు ఉన్నాయి. వైద్యం గురించి పెద్దలకు భేదాభిప్రాయం ఉండవచ్చు. ఆ వాదన పిల్లల ముందు పెట్టుకోకండి.

పిల్లవాడికి ఒక్కసారిగా భయం పట్టుకుని ఊపిరి అందదంటున్నాడు. అప్పటికప్పుడు ఏం చేయాలి?

ముందు అది నిజంగా శ్వాస సమస్యా అని చూడండి. పెదవులు నీలం తిరగడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం, మాట పూర్తి చేయలేకపోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయాలి. అవి లేకుండా భయంతో వచ్చిన ఆయాసమైతే పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మీరే ముందు నెమ్మదిగా ఊపిరి తీయండి. బిడ్డ చేతిని వాడి పొట్ట మీదే పెట్టి, ముక్కుతో గాలి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలని, నోటితో వదిలేటప్పుడు వేడి అన్నం ముద్దను ఊదినట్టు నిదానంగా వదలాలని చెప్పండి. పీల్చడానికి మూడు లెక్కపెడితే వదలడానికి అయిదు. వదిలే ఊపిరి పొడవైనప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఇది శరీర ధర్మం.

ఆ తరువాత చుట్టూ కనిపించే వస్తువులు అయిదు, తాకగలిగినవి నాలుగు, వినిపించే చప్పుళ్లు మూడు, తెలిసే వాసనలు రెండు, నోటికి తగిలే రుచి ఒకటి చెప్పించండి. రేపేమవుతుందో అన్న దగ్గర చిక్కుకున్న మనసు ఈ గదిలోకి తిరిగి వస్తుంది. భయం లేని వేళ ఆటగా నాలుగైదు సార్లు చేయిస్తేనే భయం వేళ పనిచేస్తుంది. ఈతను వరదలో నేర్పలేం కదా.

బడి లేదు, బయటికి వెళ్లడానికి లేదు. రోజు ఎలా గడపాలి?

రోజుకు మూడు మేకులు కొట్టండి: లేచే వేళ, అన్నం వేళ, పడుకునే వేళ. మిగతాది వదులుగా ఉన్నా పరవాలేదు. నిముషం నిముషానికీ పట్టిక రాసి గోడకు అంటించిన ఇళ్లలో ఆ పట్టిక వారం నిలవలేదు. ఈ మూడింటిని పట్టుకున్నవారు నెలల తరబడి నిలిచారు. తరువాత ఏం జరగబోతుందో ముందే తెలిసి ఉండడం పిల్లల మనసుకు గోడలా పనిచేస్తుంది. ప్రపంచంలో ఏదీ నిలకడగా లేనప్పుడు, సాయంత్రం ఆరింటికి అవ్వ తల దువ్వుతుందన్న సంగతి నిలకడగా ఉండాలి.

నిద్ర అన్నిటికన్నా ముఖ్యం. మూడు నుంచి అయిదేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటలు అవసరం. మన ఎండాకాలంలో మధ్యాహ్నం పిల్లలు బయట ఆడలేరు, కాబట్టి పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం అయిదున్నర తరువాత డాబా మీదనో వాకిట్లోనో ఒళ్లు అలిసేలా ఆడనివ్వండి. అలిసిన ఒళ్లు తొందరగా నిద్రపోతుంది.

పిల్లలకు నిజమైన పని ఇవ్వండి. మొక్కలకు నీళ్లు, కోళ్లకు గింజలు, వేరుశనగ కాయలు ఒలవడం, తాతకు మాత్రల వేళ గుర్తుచేయడం వంటివి. తన వల్ల ఇంట్లో ఒక పని జరుగుతోందని తెలిసిన బిడ్డకు చేతగానితనం తగ్గుతుంది.

ఫోను చేతిలోంచి తీస్తే గొడవ. ఆన్‌లైన్ తరగతి అంటాడు, ఆట ఆడతాడు.

ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అదీ నాయనతో పొలానికి వెళ్లేది అయినప్పుడు, తరగతికి హాజరు కాలేకపోయిన బిడ్డను తప్పుపట్టకండి. 2020లో దూరదర్శన్ సప్తగిరి చానల్‌లో పదో తరగతి పాఠాలు ప్రసారం చేసినది అలాంటి ఇళ్ల కోసమే. ఫోను ఉన్న ఇళ్లలో సమస్య వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాదిలోపు శిశువులకు తెర అసలు చూపకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు. అంతకన్నా పెద్దవారికి గంటల లెక్క కన్నా, ఫోను దేనికి అడ్డం వస్తోందన్నది చూడాలి. నిద్రకా, అన్నానికా, ఒంటి శ్రమకా, మనుషులతో మాటకా? రాత్రి తొమ్మిది తరువాత పెద్దల ఫోన్లతో సహా అన్నీ ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టడం నేను చూసినవాటిలో బాగా పనిచేసిన నియమం. పెద్దలు తమ ఫోను పెట్టని ఇంట్లో ఆ నియమం మర్నాటికి ఉండదు. చిన్నవారికి మార్కాపురం పలక ఒకటి, బలపాల డబ్బా ఒకటి ఇచ్చి చూడండి. గీసి తుడిపేయడంలో వారికి గంటలు గడిచిపోతాయి.

నాకే తట్టుకోవడం కష్టంగా ఉంది. పని పోయింది, అప్పు ఉంది. పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నాను.

ఈ ప్రశ్న అడిగినవారు చాలామందే ఉన్నారు, అందరూ గొంతు తగ్గించి అడిగారు. చీమకుర్తి క్వారీల్లో పని ఆగినవారు, రొయ్యల ధర పడిపోయి చెరువు ఎండగట్టినవారు, చీరాల మగ్గం మీద సగంలో ఆగిన చీరతో కూర్చున్నవారు, హైదరాబాద్, బెంగళూరుల నుంచి మూటతో తిరిగి వచ్చినవారు. బరువు పెద్దదైనప్పుడు చిన్న చప్పుడు కూడా భరించలేనిది అవుతుంది. అది మీరు చెడ్డవారని కాదు. అయినా దెబ్బ బిడ్డకు తగులుతుంది, తనను కాపాడవలసిన చెయ్యే కొట్టిందన్న భయం మిగులుతుంది.

కోపం వచ్చినప్పుడు ముందుగా తెలిసేది శరీరంలోనే. దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి. అది తెలిసిన క్షణంలో ఆ గదిలోంచి లేచి బయటికి వెళ్లి ముఖం కడుక్కోండి. చిన్న బిడ్డ ఒంటరిగా ఉంటే ఇంకొకరిని పిలవండి. చెయ్యి చేసుకుంటే, శాంతించాక బిడ్డ దగ్గరికి వెళ్లి “నాయనకు పని గురించి దిగులుగా ఉంది. నిన్ను కొట్టడం నా తప్పు, నీ తప్పు కాదు” అని చెప్పండి. పెద్దలు తప్పు ఒప్పుకుంటే చులకన అవుతారన్న మాట నేను నమ్మను. తెగిన బంధాన్ని మళ్లీ ముడివేయవచ్చని బిడ్డ నేర్చుకునేది అక్కడే.

దిగులును మద్యంతో ఆపితే రాత్రి నిద్ర వచ్చినట్టు ఉండి తెల్లవారుజామున అదే దిగులు రెట్టింపై లేపుతుంది. రోజుకు ఒక్క మనిషితోనైనా, అన్నతోనో స్నేహితుడితోనో, ఉన్నది ఉన్నట్టు మాట్లాడండి. తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంట్లో అందరూ ఉన్నారంటే వంట, సేవ, పాఠం, రోగి సంరక్షణ అన్నీ మీ మీదే పడ్డాయని అర్థం. రోజుకు అరగంట మిమ్మల్ని ఎవరూ పిలవకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకోండి. అది విలాసం కాదు. వారం దాటినా తగ్గని దుఃఖం, నిద్రలేమి, బతకాలని లేదన్న తలపు ఉంటే, కింద చెప్పిన 14416 నంబరు మీకోసం కూడా.

ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చి విడిగా ఉంచాము. పాప ఆ గది తలుపు దగ్గరే కూర్చుంటోంది.

వేరు చేసిన కారణం, ఎన్ని రోజులో చెప్పండి. క్యాలెండరులో రోజుకొక గీత గీయనివ్వండి. కిటికీ లోంచి చూపించండి, తలుపు ఇవతల నుంచి మాట్లాడించండి, బొమ్మ గీసి తలుపు కింద నుంచి పంపనివ్వండి. ఆసుపత్రిలో చేరితే వీడియో కాల్ చేసే ముందు, ముక్కుకు గొట్టం ఉంటుందని, మాట నెమ్మదిగా వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకుండా చూపిస్తే ఆ దృశ్యమే చాలాకాలం వెంటాడుతుంది. ఊరివాళ్లు మీ ఇంటికి దూరం జరిగితే, వారు దూరం జరిగింది జబ్బుకు గాని నీకు కాదని బిడ్డకు విడదీసి చెప్పండి. స్నేహితుల తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఫోను చేసి పలకరిస్తే ఆ బిడ్డ ఆ పలకరింపును ఎన్నేళ్లయినా మరిచిపోదు.

కుటుంబంలో మరణం జరిగింది. బిడ్డకు ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. 2021లో ది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, మొదటి పద్నాలుగు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 15 లక్షలకు పైగా పిల్లలు తల్లినో తండ్రినో, తమను సాకే అవ్వాతాతలనో పోగొట్టుకున్నారని అంచనా వేసింది. మన తరగతుల్లోనూ వారు కూర్చుని ఉన్నారు.

బిడ్డకు అత్యంత దగ్గరైన మనిషే చెప్పాలి, వెంటనే చెప్పాలి, “చనిపోయాడు” అనే మాటే వాడాలి. “ఊరెళ్లాడు” అంటే ఎప్పుడొస్తాడని ఎదురుచూస్తారు. “నిద్రపోయాడు” అంటే నిద్రకే భయపడతారు. “దేవుడు తీసుకెళ్లాడు” అన్నప్పుడు కొందరు చిన్నపిల్లలు దేవుడి మీద కోపంతో పూజగదిలోకి రానన్నారు. “తాత ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి. డాక్టర్లు ప్రయత్నించారు, బాగుచేయలేకపోయారు. తాత చనిపోయాడు. ఇక తిరిగి రాడు” అంటే చాలు. ఆ తరువాత మీకు ఏడుపు వస్తే ఏడవండి. అయిదేళ్లలోపు పిల్లలకు మరణం శాశ్వతమన్న సంగతి అందదు. చెప్పినది విని, ఆడుకోవడానికి వెళ్లి, సాయంత్రం మళ్లీ “తాత అన్నానికి వస్తాడా?” అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అదే నెమ్మదితో ఇవ్వాలి. ఆడుకుంటున్నారు కాబట్టి బాధ లేదని అనుకోకండి. పిల్లలు దుఃఖంలోకి గుక్కలు గుక్కలుగా దిగి బయటికి వస్తారు.

కరోనా మరణాల్లో ఒక ప్రత్యేకమైన గాయం ఉంది. చివరిచూపు లేదు, పాడె మోసిన నలుగురు లేరు, పెదకర్మకు చుట్టాలు రాలేదు. ఆచారం అనేది దుఃఖానికి ఒక దారి చూపేది, ఆ దారి మూసుకుపోయింది. ఆలస్యమైనా ఇంట్లో ఒక రోజు అందుకోసం పెట్టుకోండి. ఫొటో పెట్టి, ఆయనకిష్టమైన కూర వండి, బిడ్డ చేత దీపమో కొవ్వొత్తో వెలిగించి, అందరూ ఒక్కొక్క జ్ఞాపకం చెప్పుకోండి. ఏడాది తరువాత చేసినా ఫలితం ఉంటుంది. “నువ్వే ఇంటికి పెద్దవాడివి, ఇక నువ్వు ఏడవకూడదు” అని పదేళ్ల పిల్లవాడితో బంధువులు అనే మాటను మాత్రం దయచేసి అక్కడికక్కడే ఆపండి.

తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారి కోసం కేంద్రం 2021 మే 29న పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకాన్ని ప్రకటించింది. అందులోని పిల్లలకు 23 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షల రూపాయలు అందుతాయి. డబ్బు అవసరమే. ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్న పంచాయితీ పిల్లల చెవిన పడకుండా చూడడం అంతే అవసరం.

పిల్లవాడు జడుసుకున్నాడు, అంత్రం కట్టించమని మా అవ్వ అంటోంది. కట్టించవచ్చా?

కట్టించండి. దర్గాలో ఊదు పట్టించినా, గుడిలో తీర్థం ఇప్పించినా, చర్చిలో ప్రార్థన చేయించినా, తన కోసం పెద్దలు కదిలారన్న ధైర్యం బిడ్డకు కలుగుతుంది. మూడు షరతులు: ఒంటికి వాత పెట్టడం, కొట్టడం, పస్తు ఉంచడం వంటివి ఉండకూడదు, తెలియని మందు మింగించకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లడం దానివల్ల ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదు.

మేము పని కోసం దూరంగా ఉన్నాం, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉన్నారు.

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు ఇది చాలా ఇళ్ల కథ. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి, అయిదు నిమిషాలైనా సరే. “చదువుతున్నావా, అన్నం తిన్నావా” దగ్గరే ఆగిపోకుండా, మీ రోజులో జరిగిన చిన్న సంగతి ముందు మీరు చెప్పండి. వస్తానన్న తేదీ కచ్చితంగా తెలియకపోతే తేదీ చెప్పకండి. అవ్వకు మోకాళ్ల నొప్పి, తాతకు షుగరు ఉన్న ఇంట్లో, వారికి తనవల్ల జబ్బు వస్తుందేమోనన్న భయం పిల్లలను ఎక్కువగా వేధిస్తుంది. ఆ భయం గురించి అవ్వే స్వయంగా మాట్లాడితే మంచిది.

ఎదుగుదలలో ప్రత్యేక అవసరాలున్న మా బాబు అరుపులు పెరిగాయి.

ఆటిజం ఉన్న పిల్లలకు దినచర్య మారడమే పెద్ద దెబ్బ. థెరపీ ఆగిపోయినా, పాత రోజులోని రెండు మూడు పనులను అదే వరుసలో ఉంచండి. మాస్కు గుడ్డ గరుకుదనం భరించలేకపోతే పాత మెత్తటి నూలు గుడ్డతో, కొద్ది నిమిషాల చొప్పున అలవాటు చేయండి.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. “నేనుండి ఏం లాభం” అంటోంది. ఊరికే అంటోందా?

ఊరికే అంటోందని అనుకోకండి. 2020లో పదో తరగతి పరీక్షలు, 2021లో పది, ఇంటర్ పరీక్షలు రద్దయినప్పుడు సంతోషించిన పిల్లలూ ఉన్నారు, రెండేళ్ల శ్రమకు కొలత లేకుండా పోయిందని కుంగిపోయినవారూ ఉన్నారు. అదివరకు హాస్టలు గదిలో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా చదువు తప్ప మరో లోకం లేకుండా పెరిగినవారికి, ఆ ఒక్కటీ ఆగితే తామెవరో తెలియలేదు.

నేరుగా అడగండి: “చనిపోవాలని అనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు. అలా పుట్టదు. అడగడం వల్ల మోయలేని రహస్యం దించుకునే చోటు దొరుకుతుంది. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, “మేమేం తక్కువ చేశాం” అనకండి. “చెప్పినందుకు మంచిదైంది, నేను నీ దగ్గరే ఉంటాను” అనండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు, తాత బీపీ మాత్రలు అదే గంటలో ఇల్లు దాటించండి లేదా తాళం వేయండి. వరి, మిరప, పొగాకు, పత్తి పండే మన ఊళ్లలో ఈ ఒక్క పని ఎన్నో ప్రాణాలు నిలుపుతుంది. ఆ ఉద్రేకపు ఘడియ చాలామందిలో దాటిపోయేదే, ఆ ఘడియలో చేతికి పురుగుమందో మాత్రలో అందకపోవడమే ముఖ్యం. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడడం, చాలా రోజుల దిగులు తరువాత హఠాత్తుగా ప్రశాంతంగా కనిపించడం ఇంకా గట్టి హెచ్చరికలు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే పరిగణిస్తారు, శిక్షించరు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? పిచ్చి అన్న పేరు పడదా?

నిద్ర, ఆకలి, చదువు, ఆట, మనుషులతో మాట, ఈ అయిదింటిలో రెండు మూడు రెండు వారాలకు మించి దెబ్బతింటే వెళ్లండి. తనను తాను గాయపరచుకోవడం, చనిపోతాననడం, లేని మాటలు వినిపిస్తున్నాయనడం ఉంటే ఆ రోజే వెళ్లండి.

ఇల్లు కదలకుండా మొదలుపెట్టాలంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ ఇది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో హింస, బాల్యవివాహం ఒత్తిడి, బడి మాన్పించి పనిలో పెట్టడం వంటివి ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. లాక్‌డౌన్‌లో ఈ మూడూ మన పల్లెల్లో జరిగాయి, చాలావరకు తలుపుల వెనుకే ఉండిపోయాయి. నెల్లూరు, ఒంగోలులలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను చూడవచ్చు. దారి తెలియకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి.

పేరు పడుతుందన్న భయాన్ని నేను తీసిపారేయలేను, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో అది ఇళ్లలో నిజంగా పనిచేస్తుంది. అయినా ఇది చూడండి: పిల్లలకు ఎక్కువసార్లు అవసరమయ్యేది మాటలతో చేసే చికిత్స, తల్లిదండ్రులకు ఇచ్చే సలహా, మందులు అందరికీ రాయరు, రాసినవి డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపకూడదు. పద్నాలుగేళ్లకు గుర్తించకపోయినది ఇరవై నాలుగేళ్లకు దాచలేనంతగా పెరిగి, అప్పుడు పడే పేరు ఇంకా పెద్దది.

బడి తెరిచారు. ఇప్పుడు వెళ్లనంటోంది. బలవంతం చేయాలా?

2020 నవంబరులో తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచినప్పుడు, ఆ తరువాత 2021 ఆగస్టులో మళ్లీ తెరిచినప్పుడు ఈ ప్రశ్న నాకు ప్రతిరోజూ వచ్చేది. బడికి పంపడం మానకండి. ఎన్ని రోజులు ఇంట్లో ఉంటే భయం అంత ముదురుతుంది. కానీ మెట్లు మెట్లుగా పంపండి. మొదటి రోజు గేటు దాకా, మరునాడు ప్రార్థన దాకా, ఆ తరువాత మధ్యాహ్నం దాకా. దేనికి భయమో విడిగా కనుక్కోండి: జబ్బుకా, మరిచిపోయిన లెక్కలకా, తాను లేనప్పుడు ఇంట్లో అమ్మకు ఏమైనా అవుతుందనా? మూడింటికీ మూడు జవాబులు. చివరిదైతే మధ్యాహ్నం విరామంలో ఆఫీసు గది నుంచి ఒక ఫోను చేసుకోనివ్వమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడగండి.

ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఈ జవాబులోనే చెబుతున్నాను. మొదటి రెండు వారాలు సిలబస్ వెనక పరుగెత్తకండి. పెద్ద తరగతి పిల్లలు పేరా చదవలేకపోతే, గుణింతం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టడంలో నామోషీ లేదు. 2021 నవంబరులో పెన్నా వరద కోవూరు దగ్గర జాతీయ రహదారిని, రైలు పట్టాలను తెంచినప్పుడు, అప్పుడే బడికి అలవాటు పడుతున్న పిల్లలు మళ్లీ ఇంట్లో కూర్చున్నారు. వరద తీశాక తిరిగి వచ్చిన రోజు నేను హాజరు పిలుస్తూ, ఒక్కొక్కరినీ “మీ ఇంట్లో అందరూ బాగున్నారా?” అని అడిగాను. ముప్పై ఎనిమిది మందికి ఆ పీరియడంతా పట్టింది. పాఠం మర్నాడు చెప్పాను.